మొహం పీట

మూడోసారి కూడా దొరసాని మూతి వంకర తిప్పింది.

రాజవ్వ కుంచె కింద పెట్టి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసింది. పక్కకు జరిగి చూసింది. కళ్ళు సగం మూసి చూసింది. ఎక్కడి నుంచి చూసినా ఒకటే. కాన్వాసు మీది ఆడమనిషి కింది పెదవిని ఒక మూలకు లాగి, ఎదుటివాళ్ళను పురుగును చూసినట్టు చూస్తోంది.

ఆమె ఫ్రాన్సు దేశపు దొరసాని. రెండు వందల ఏళ్ళ కిందట ఎవరో చిత్రకారుడి ముందు కూర్చుని బొమ్మ గీయించుకుంది. తెల్లటి పల్చటి గౌను, రొమ్ముకు కాస్త కిందుగా కట్టిన పట్టీ, మోచేతి మీదికి జారిన ఎర్ర శాలువా. వెనకాల ఉత్త బూడిదరంగు గోడ. ఆ కాలపు చిత్రకారులకు పాత గ్రీకు విగ్రహాలంటే పిచ్చి. బతికున్న మనుషుల్ని కూడా పాలరాతిలో చెక్కినట్టు, కుంచె తగిలిన జాడ ఎక్కడా కనబడకుండా గీసేవాళ్ళు.

అటువంటి బొమ్మలు ఎనిమిదింటిని ఇప్పుడు నిర్మల్‌లో, నకాశీ చిత్రకారుడు శంభయ్య పనిశాలలో, చేత్తో మళ్ళీ గీస్తున్నారు. హైదరాబాదులో కొత్తగా కట్టిన ఒక హోటలుకు గోడల నిండా తెల్లదొరలు కావాలట. ఎందుకని అడక్కండి. మనకు సరిపడా దొరలు మనకు ఉండేవాళ్ళు, వాళ్ళ బొమ్మలు కావాలని మాత్రం ఎవరూ రారు. హోటలువాళ్ళు అచ్చేసిన బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చిచ్చారు. శంభయ్య దాన్ని పేజీలుగా విప్పి గోడకు మేకులు కొట్టి వేలాడదీశాడు.

ఆ పనిశాలలో మూడు పీటలుండేవి. నేల మీద పీట వేసుకుని, కాన్వాసును గోడకు ఆనించి గీయడం అక్కడి అలవాటు. గోడలూ కుర్చీలూ తెరలూ గీసేవాళ్ళది గోడ పీట. బట్టలు గీసేవాళ్ళది గుడ్డ పీట. ఉత్తరం కిటికీ పక్కన ఉన్నది మొహం పీట. దాని మీద ముప్పై ఏళ్ళుగా శంభయ్య తప్ప ఎవరూ కూర్చోలేదు.

రాజవ్వ తొమ్మిదేళ్ళ నుంచి గుడ్డ పీట మీద ఉంది. ఆమె గీసిన పట్టు మడతను చూసి గోడ పీట బుచ్చన్న ఒకసారి నిజంగానే వేలు పెట్టి చూసి తిట్లు తిన్నాడు. రంగు ఇంకా ఆరలేదు మరి. జరీ, మఖమలు, లేసు, ఏదైనా సరే ఆమె చేతికి లొంగాల్సిందే. కానీ గుడ్డ ఎంత గొప్పగా గీసినా చూసేవాళ్ళు మొహమే చూస్తారు. ఆ సంగతి రాజవ్వకు తొమ్మిదేళ్ళుగా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ ఏడు శంభయ్య కళ్ళకు మసక కమ్మింది. ఏడు మొహాలు ఎలాగో పూర్తి చేశాడు. ఎనిమిదో కాన్వాసు దగ్గర ఆగి, గుడ్డతో కళ్ళు తుడుచుకుని, రాజవ్వను పిలిచాడు.

"ఈమె మొహం నువ్వు గియ్యి బిడ్డా. అస్తే పీట నీది."

రాకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. మొహాలు గీయడానికి హైదరాబాదు నుంచి ఎవరినో పిలిపిస్తారు. రాజవ్వ ముసలిదయ్యేదాకా మడతలు గీసుకుంటూ ఉంటుంది.

మొదటిసారి మూతి వంకర పోయినప్పుడు, కొత్త కదా అనుకుంది. గీకేసింది. రెండోసారి గీసి, హోటలు మేనేజరు చూడ్డానికి వచ్చిన రోజున ధైర్యం చేసి చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు. ఎవరినీ నొప్పించని మనిషి పాపం, మాట కోసం వెతుక్కున్నాడు.

"బాగుందండీ. బట్టలు మరీ బాగున్నాయి. కాకపోతే... మా హోటలుకు వచ్చినవాళ్ళను ఈవిడ లోపలికి రానిచ్చేలా లేదండీ."

బుచ్చన్న నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. రాజవ్వ ఆ సాయంత్రమే టర్పెంటైను గుడ్డతో ఆ మొహాన్నీ తుడిచేసింది.

ఇప్పుడిది మూడోది. పోతే పోనీ అని వదిలేసే రకం కాదు రాజవ్వ. పళ్ళు బిగించి, రంగు గీకే కత్తి చేతిలోకి తీసుకుంది.

"ఆగు," అన్నాడు శంభయ్య.

ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి వచ్చాడు. దారం తీసుకుని కాన్వాసు మీద నిలువునా అడ్డంగా పట్టి కొలిచాడు. అచ్చు బొమ్మ మీద కొలిచాడు. మళ్ళీ కాన్వాసు మీద కొలిచాడు. కళ్ళు మసకైనా ఆయన వేళ్ళకు కొలతలు తెలుసు.

"గీత తప్పలేదు," అన్నాడు.

"ఎట్ల తప్పుతది తాతా? గడి గడికీ చూసే గీసిన. ఎంటికంత తేడా లేదు."

అది నిజం. నువ్వు నేర్పినట్టే చేశాను కదా అన్న కోపం కూడా ఆ మాటలో ఉంది. బొమ్మనంతా దారాలతో గళ్ళు చేసి, ఒక్క గడి మాత్రమే కనబడేలా కిటికీ కోసిన అట్టముక్కను అచ్చు బొమ్మ మీద పెట్టుకుని, ఆ ఒక్క గడిని చూసి కాన్వాసు మీద దించడం. అయ్యాక అట్టను పక్క గడికి జరపడం. మిగతా బొమ్మ కంటికి అడ్డం రాకూడదు. మడతల పనికి అంతకన్నా మంచి పద్ధతి లేదు.

శంభయ్య చూపుడువేలు గోరును పెదవి మూల దగ్గర పెట్టాడు, రంగుకు తాకించకుండా.

"గీత సక్కగనే ఉన్నది. నీడ సక్కగ లేదు. ఈడ చెయ్యి బరువైంది నీకు. మూడుసార్లు ఈడనే బరువైంది."

రాజవ్వ పెదవి మూలకు వంగి చూసింది.

"ఎవలు బిడ్డా ఈమె?"

"ఫ్రాన్సు దొరసాని."

"గోడ మీదున్నామె ఫ్రాన్సు దొరసాని. నువ్వు గీసినామె ఎవలు?"

రాజవ్వ చెప్పకూడదనుకుంది. బుచ్చన్న కూడా అక్కడే ఉన్నాడు, బొమ్మలోని గోడకు బూడిదరంగు వేస్తున్నట్టు నటిస్తూ. అయినా మాట దానంతటదే బయటికి వచ్చేసింది.

"మా అమ్మమ్మ వెట్టి చేసిన గడీ దొరసాని. పదేండ్లప్పుడు దానింట్ల పనికి పోతే ముప్పై ఏండ్లు దాటినంక బయటవడ్డది మా అమ్మమ్మ. నీళ్ళు తోడింది, పెండ తీసింది, దాని కాళ్ళు పిసికింది. అది మూతి ఇరిసి మాట్లాడేదట. మా ఇంట్ల అందరికీ తెలుసు ఆ మూతి. నాకు ఏ దొరసానిని జూసినా అదే కండ్లబడతది. నేనేం జేద్దు?"

శంభయ్య ఓదార్చలేదు. మర్చిపో అనలేదు. అవన్నీ పాత సంగతులని కూడా అనలేదు. అంటే రాజవ్వ ఆ కత్తి అక్కడే పారేసి వెళ్ళిపోయేదేమో.

ఆయన మూలకు వెళ్ళి, బొమ్మలు చెక్కడానికి ఉంచిన పొణికి చెక్కల్లోంచి ఒక పలకను లాగాడు. చింతగింజల పిండి పూసి, ఆరబెట్టి, తెల్లగా నున్నగా చేసిన పలక. దాన్ని రాజవ్వ చేతుల్లో పెట్టాడు.

"ముందుగాల ఆమెను గియ్యి. మంచిగ గియ్యి. గీసినంక ఈమె కాడికి అద్దువు."

"ఈ కాన్వాసు?"

"ఏడికి పోతది? ఉంటది."

ఆయన కాన్వాసును గోడవైపుకు తిప్పి పెట్టి తన పీట మీదికి వెళ్ళిపోయాడు.

రాజవ్వ పలకను చంకలో పెట్టుకుని ఇంటికి నడిచింది. దారిలో ఆమెకు హుషారు కూడా వచ్చింది. ఇదేం పెద్ద పని. చిన్నప్పటి నుంచి తెలిసిన మొహం. ఈ ఒక్క మొహానికి దారాలూ గళ్ళూ ఏవీ అక్కర్లేదు. ఉన్నదున్నట్టు గీసి తాత ముందు పెడతాను, చూసి ఆయనే దడుసుకుంటాడు అనుకుంది.

ఇంట్లో గడప పక్కన ఎండలో కూర్చుని అమ్మమ్మ లింగవ్వ బీడీలు చుడుతోంది. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. డెబ్బై దాటినా వేళ్ళు ఆడుతూనే ఉంటాయి. రాజవ్వ ఆమె ఎదురుగా కూర్చుని బొగ్గుముక్కతో పలక మీద మూతి గీసింది. కింది పెదవి ఒక మూలకు లాగి ఉన్న మూతి. చకచకా వచ్చేసింది.

తర్వాత ముక్కు గీయబోయి ఆగింది.

"అమ్మమ్మా, గడీ దొరసాని ముక్కు ఎట్లుండె?"

"ఏ ముక్కు?"

"దొరసాని ముక్కే. కోటేరు ముక్కా, బండ ముక్కా?"

"నాకేమెరుక బిడ్డా," అంది లింగవ్వ, బీడీకి దారం చుడుతూ.

"అదేంది? ఇరవై ఏండ్లు దాని కాళ్ళ కాడనే ఉంటివి గదా."

"కాళ్ళ కాడనే ఉంటి. ముక్కు కాడ ఉంటినా?"

రాజవ్వ నవ్వింది. ముసలామె వేళాకోళం ఆడుతోందనుకుంది. లింగవ్వ మాత్రం నవ్వడం లేదు.

"మేం తలకాయ ఎత్తుతమా బిడ్డా? దొరసాని ముందట తలెత్తొద్దు, కూసోవద్దు. ఎత్తితే వీపు పగులుతది. పిలిస్తే ఉరికి పోవుడు, తల దించుకొని నిలవడుడు, చెప్పింది ఇనుడు, మళ్ళ తల దించుకొనే ఎనుకకు వచ్చుడు. మొహం ఎన్నడు జూసినం?"

"మరి మూతి ఇరిసేదని చెప్తివి? మా అందరికీ చేసి చూపెడితివి గదా, ఇట్ల!"

రాజవ్వ తన మూతి వంకర తిప్పి చూపించింది. లింగవ్వ బీడీ పక్కన పెట్టి మనవరాలిని కాసేపు చూసింది.

"మాట ఇనబడుతది గదనే. మూతి ఇరవకుంటే అసుంటి మాట నోట్లెకెల్లి ఎట్ల అస్తది?"

రాజవ్వ బొగ్గుముక్క కింద పెట్టింది. ఇన్నేళ్ళుగా, చిన్నప్పటి నుంచి, తను అసహ్యించుకున్న ఆ మొహాన్ని ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. అందరికన్నా దగ్గరగా ఉన్న మనిషి కూడా చూడలేదు.

"ఒక్కసారన్నా చూడలేదా అమ్మమ్మా? పోయేనాడన్నా?"

"దొరల మీద పోరాటమప్పుడు రాత్రికి రాత్రి బండ్లు కట్టుకొని పట్నం పోయిండ్రు. తెల్లారి చూస్తే గడీల ఎవలు లేరు. యాడ చూద్దును?" అని లింగవ్వ మళ్ళీ చాటలో చెయ్యి పెట్టింది. కొంచెం ఆగి, "కాళ్ళు అడుగు, చెప్త," అంది.

"చెప్పు."

"తెల్లటి కాళ్ళు. మడిమెలు పిండిముద్ద లెక్క మెత్తగుండేటివి. ఒక్క పగులు లేదు. బొటనేలు కన్నా దాని పక్క ఏలు పొడుగు. ఎడమ కాలు చిటికెనేలు లోపటికి మలుసుకొని ఉంటుండె, తల్లి కడుపుల పిల్ల ముడుసుకున్నట్టు. మట్టెలు రెండు వరసలు. పారాణి ఒక్కనాడు ఆగమైతే నన్ను కొట్టింది. ఇగ ఏం చెప్పాలె? నా మొగని మొహం నాకు యాదిలేదు గానీ, ఆ కాళ్ళు కండ్లు మూసినా కనబడతయి."

రాజవ్వ పలక మీది మూతిని కొంగుతో తుడిచేసింది. బొగ్గు మరక పోలేదు. దాని మీద మళ్ళీ చింతగింజల పూత పూసి ఎండలో పెట్టింది.

మూడు రోజులు పనిశాలకు వెళ్ళలేదు. ఇంటి ముందే కూర్చుని గీసింది. లింగవ్వ బీడీలు చుడుతూ మధ్యమధ్య తల తిప్పి చూసి, "మడిమె ఇంక గుండ్రం," అనేది, "ఆ ఏలికి గోరు పెద్దగ పెట్టినవు," అనేది. రెండో రోజు సాయంత్రం ఆమె పలక వైపు చూసి, గబుక్కున తల దించుకుంది. తర్వాత తనకే సిగ్గేసి, "బొమ్మనే గదా," అని గొణుక్కుంది. రాజవ్వ చూడనట్టే ఉంది. కుంచె ఇంకా గట్టిగా పట్టుకుంది.

నాలుగో రోజు పొద్దున పలకను తీసుకెళ్ళి శంభయ్య ముందు పెట్టింది.

శంభయ్య పలకను వెలుతురుకు తిప్పుకుని, కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని చూశాడు. గడప రాయి మీద రెండు పాదాలు. పైన చీర అంచు వేలెడంత. అంతే, ఆపైన ఏమీ లేదు. ముడుచుకున్న చిటికెన వేలిని ఆయన చాలాసేపు చూశాడు. బుచ్చన్న కూడా వచ్చి భుజం మీంచి తొంగి చూశాడు.

"మొహమేది?" అన్నాడు శంభయ్య.

"మా అమ్మమ్మ చూడలేదట తాతా."

"నువ్వు?"

"నేను పుట్టకముందే పోయిండ్రు వాళ్ళు."

శంభయ్య లేచి కాన్వాసును గోడవైపు నుంచి ఇటు తిప్పాడు. రాజవ్వ వదిలి వెళ్ళిన మూడో మొహం అలాగే ఉంది. కత్తి తీసుకుని తనే నిదానంగా గీకాడు. నూనె గుడ్డతో తుడిచాడు. దొరసాని గౌనూ శాలువా మెడా ఉన్నాయి, పైన ఖాళీగా లేత మట్టిరంగు మిగిలింది.

తర్వాత గోడకు వేలాడుతున్న అచ్చు బొమ్మను మేకు నుంచి తీశాడు. దాని మీది గళ్ళ దారాలు విప్పాడు. కిటికీ అట్టను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. కాన్వాసు పక్కన ఒక ఎత్తు స్టూలు జరిపి, దాని మీద రెంటినీ గోడకు ఆనించి నిలబెట్టాడు. ఒకవైపు పొణికి పలక మీద పాదాలు. ఇంకోవైపు ఫ్రాన్సు దొరసాని, నిలబడ్డ రాజవ్వ కళ్ళకు సరిగ్గా ఎదురుగా.

ఆయన పలక మీద వేలు పెట్టాడు.

"ఇది మీ అమ్మమ్మ చూసినంత. ఇగ నువ్వు చూడు."

అని కుంచె కూడా ఇవ్వకుండా వెళ్ళిపోయాడు.

రాజవ్వ చూసింది.

తొమ్మిదేళ్ళలో ఒక బొమ్మను ఇలా చూడటం ఆమెకు ఇదే మొదటిసారి. ఎప్పుడూ ఒక గడి, తర్వాత ఇంకో గడి. మెడ వంచుకుని, కిటికీ అట్టలోంచి ఒక్కో ముక్కే. ఇప్పుడు మొహం మొత్తం ఒక్కసారి మీదికి వచ్చేసరికి ఆమెకు ఎటు చూడాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది. రెండుసార్లు చూపు కిందికి, శాలువా మడతల మీదికి జారిపోయింది. అక్కడ తనకు అన్నీ తెలుసు. బలవంతంగా పైకి తెచ్చుకుంది. మూడోసారి జారలేదు.

ఆమె అనుకున్నంత వయసు లేదు ఆ దొరసానికి. ఇరవై ఉంటాయేమో. పైపెదవి మీద సన్నటి నూగు ఉంది, మూడుసార్లు గీసినా అది తన కంటపడలేదు. కుడికన్ను ఎడమకన్ను కన్నా కొద్దిగా బరువుగా వాలింది. గడ్డం ఎత్తి పెట్టుకుంది, ఎవరో ఎత్తమంటే ఎత్తినట్టు. పొగరు లేకపోలేదు, ఉంది. అయితే అది కనుబొమ్మల్లో ఉంది. పెదవి మూలలో ఏమీ లేదు. ఆ పెదవి ఊరికే మూసుకుని ఉంది, ఎండిపోయి. ఆ మూల నీడ రాజవ్వ వేసినదాంట్లో సగం కూడా లేదు.

మధ్యలో పాదాల వంక చూసింది. గుండెలో కోపం రగిలింది. అమ్మమ్మ మెడ కోసం, ఇరవై ఏళ్ళు వంగిన ఆ మెడ కోసం వచ్చిన కోపం. అది తగ్గలేదు, తగ్గాలని రాజవ్వ కోరుకోనూ లేదు. కానీ అది ఆ పలక దగ్గరే ఉంది. పక్కనున్న మొహం మీదికి రాలేదు.

మధ్యాహ్నం అన్నాలు తినే వేళ దాటింది. బుచ్చన్న పిలిచినా ఆమెకు వినబడలేదు. ఎండ నడినెత్తి దాటి, ఉత్తరం కిటికీలోంచి వెలుతురు పాలలా సమంగా పరుచుకుంది. మొహాలు గీయడానికి అదే మంచి వేళ.

ఇక గీయగలనని తెలిసింది రాజవ్వకు. చెయ్యి చాచి సన్న కుంచె తీసుకుంది. మట్టిరంగులో చిటికెడు తెలుపు కలిపి, మెత్తటి కుంచెను గుడ్డకు తుడిచి సిద్ధం చేసుకుంది. తన పీట లాక్కుందామని వెనక్కి తిరిగి చూస్తే, గుడ్డ పీట మీద శంభయ్య కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో. ఏడో కాన్వాసు ఒళ్ళో వాల్చుకుని, మసక కళ్ళతో ఎవరో దొర చొక్కా లేసుకు తెలుపు అద్దుతున్నాడు, ఇన్నాళ్ళూ ఆ పనే చేస్తున్నవాడిలాగ.

ఉత్తరం కిటికీ పక్కన మొహం పీట ఖాళీగా ఉంది.

రాజవ్వ ఆయన వంకా పీట వంకా చూసింది. ఆ పీట మీద కూర్చోవడానికి కాళ్ళు రాలేదు. నిలబడే కాన్వాసు మీదికి వంగి, మొదటి రంగు పెదవి మూలన ఆనించబోయింది.

శంభయ్య లేసు మీంచి తల ఎత్తలేదు.

"నిలవడే గీస్తవా బిడ్డా ఆమె ముందట? కూసో."

రాజవ్వ చెయ్యి ఆగింది. తర్వాత మొహం పీటను కాళ్ళతో ముందుకు జరుపుకుని, దొరసాని మొహంలోకి చూస్తూ, కూర్చుంది.